వేడన్నం వద్దన్న వేసవి

నాకు వేడన్నం ఇష్టం లేదు. ఈ మాట ఎవరింట్లోనైనా అంటే వడ్డిస్తున్నావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. పొగలు కక్కే అన్నంలో నెయ్యి వేసుకుని ఊదుకుంటూ తినడానికే భూమ్మీద పుట్టామన్నట్టు మాట్లాడతారు మా తెలుగువాళ్ళు. తినండి, నేను వద్దన్నానా? నాకు మాత్రం రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్నకి కాస్త పులిసీ పులవని వాసన వస్తుండగా, ఉప్పు వేసి పిసికి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తినాలి. తోడుగా పచ్చిమిరపకాయ కూడా దొరికిందంటే ఆ రోజు ఎవరితోనూ గొడవ పెట్టుకోను.

ఇంకా ఉన్నాయి. కొత్త బట్టల కంటే ఒకసారి ఉతికిన బట్టలు ఇష్టం. మా రాయ్‌పూర్ పండరీ బజారులో నేను బట్టలు కొనుక్కోవడం కంటే, కొనేవాళ్ళ పక్కన చేరి, దుకాణంవాడు తానులు విప్పి పరుస్తుంటే చూడడం ఇష్టం. వాన కంటే వానకు ముందొచ్చే గాలి ఇష్టం. ఏసీ కంటే కూలర్ ఇష్టం, అందులో కొత్తగా పెట్టిన వట్టివేళ్ళు తడిసిన వాసన కోసం. "ఏదైనా పర్వాలేదు" అనే మనుషులంటే మాత్రం భయం. ఏం తింటారంటే ఏదైనా పర్వాలేదు, ఎక్కడ కూర్చుంటారంటే ఎక్కడైనా పర్వాలేదు. అలాంటివాళ్ళని లోకం మర్యాదస్తులంటుంది. వాళ్ళకు మన దగ్గర ఇంకా చనువు రాలేదని నేనంటాను. ఒకప్పుడు మా ఇంట్లో ఆ మాట అంటూ అంటూనే ఒక మనిషి చిక్కి సగమైపోయింది.

ఆ మనిషి మా మామ్మ, నాన్నకు అమ్మ. మాది బొబ్బిలి దగ్గర పల్లె. నాన్న సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో పనికి కుదిరి రాయ్‌పూర్ వచ్చాడు. అమ్మ నర్సు. ఇక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడి, ఊరు రాజధానినయ్యానని ఇంకా నమ్మలేక అటూ ఇటూ చూసుకుంటున్న రోజులు. నాన్నకు షిఫ్టులు, అమ్మకు షిఫ్టులు. మధ్యలో నేను. ఒకరు వచ్చేలోపు ఇంకొకరు వెళ్ళిపోవలసి వస్తే నన్ను ఎవరింట్లో దించాలా అని రోజూ ఒక పంచాయితీ. ఇలా అయితే ఉద్యోగం మానేస్తానని అమ్మ అన్నప్పుడు, తాతయ్య పోయి ఒంటరిగా ఉన్న మామ్మను నాన్న వెళ్ళి తీసుకొచ్చాడు.

అమ్మకు ఆ ఉద్యోగం జీతం కోసం మాత్రమే కాదు. వాళ్ళ వైపు తెల్ల యూనిఫాం వేసుకున్న మొదటి ఆడపిల్ల ఆవిడ. ఇస్త్రీ చేసిన ఆ బట్టను తలుపు వెనక మేకుకు తగిలించి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకునేది. బయట తాడు మీద ఎప్పుడూ ఆరేసేది కాదు. రాయ్‌పూర్‌లో మేముండే వైపు డాబాల మీద ఫ్యాక్టరీ మసి వాలుతుంది, తెల్ల బట్ట సాయంత్రానికి బూడిద బట్ట అవుతుంది.

అందుకని మామ్మ వచ్చినప్పుడు అమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. అత్తగారికి ఏ లోటూ రానివ్వకూడదని పట్టుబట్టింది. డ్యూటీకి వెళ్ళేలోపు చీకటితోనే లేచి వేడివేడిగా ఉప్మా, లేదంటే నెయ్యి రాసిన రొట్టెలు, పక్కన గ్లాసుడు పాలు. "అత్తా, ఏం చెయ్యమంటారు?" అని ముందురోజు రాత్రే అడిగేది.

"ఏదైనా పర్నేదమ్మా. నువ్వేటి పెడితే అదే" అనేది మామ్మ.

పెట్టింది మాత్రం తినేది కాదు. మామ్మ ఉప్మా నాకు తినిపించేది, రొట్టె గేటు దగ్గరికి వచ్చే ఆవుకు పెట్టేది. మధ్యాహ్నం కాస్త మెతుకులు కతికేది. ఎండాకాలం ముదిరేసరికి ఆవిడ జాకెట్టు చేతులు వదులై వేలాడసాగాయి. అమ్మ కంగారుపడి బీపీ చూసింది, రక్తం పరీక్ష చేయించింది. అన్నీ బాగానే ఉన్నాయి. "మరేమిటత్తా?" అంటే, "ఏట్నేదమ్మా, ముద్ద దిగట్నేదు" అనేది. చివరికి ఒకరోజు నాన్నను పిలిచి, "నాను మనూరెలిపోతాన్రా నాయినా. నన్ను రైలెక్కించీ" అంది.

ఆ మాటతో అమ్మ ముఖం పాలిపోయింది. మామ్మ వెళ్ళిపోతే తను డ్యూటీ మానాలి. మామ్మ ఉంటే ఈ చిక్కడం ఎక్కడికి పోతుందో తెలియదు. పెద్దావిడకు ఏమైనా అయితే అని ఆసుపత్రి మనిషికి ఉండే భయం మామూలు మనిషికి ఉండదు. నాన్న అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. సెలవు రోజున వెళ్ళి విశాఖ బండికి టికెట్టు తీస్తానని తల్లితో అన్నాడు. నెలాఖరుకు మానేస్తానని పెద్ద నర్సుకు చెప్పి ఉంచుతానని అమ్మ అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మామ్మ గోడ దాటింది.

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నడుం ఎత్తు గోడ. అవతల ఛత్తీస్‌గఢీ కుటుంబం. ఆవిడను నేను మౌసీ అనేదాన్ని, పిన్నీ అన్నట్టు. మహాసముంద్ వైపు పల్లె నుంచి కాపురానికి వచ్చిన మనిషి. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. ఒక పొద్దున, అమ్మా నాన్నా వెళ్ళిపోయాక, మామ్మ గోడ దగ్గర నిలబడి అటే చూస్తోంది. నేనూ ఎగిరి చూశాను. మౌసీ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని కంచు గిన్నెలోంచి ఏదో జుర్రుతోంది. పక్కన చితక్కొట్టిన ఉల్లిపాయ, ఉప్పు, పచ్చిమిరపకాయ.

అది బాసీ. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న తింటారు. ఛత్తీస్‌గఢ్ ఎండలకు అంతకు మించిన మందు లేదని ఇక్కడివాళ్ళ నమ్మకం. మా మామ్మ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ప్రతి పొద్దునా తిన్నది అదే. మా ఊళ్ళో పేరు మాత్రం సద్దన్నం.

మౌసీ తలెత్తి చూసింది. "కా హోగే దాయీ?" అంది. ఏమైంది పెద్దమ్మా అని. మా మామ్మకు హిందీయే రాదు, ఇక ఛత్తీస్‌గఢీ ఎక్కడ? ఆవిడ గిన్నె వైపు చూసి, "సద్దన్నమా?" అంది. మౌసీకి ఆ మాట తెలియదు. కానీ ఆకలిగా చూసే కళ్ళు తెలియని ఆడది ఉంటుందా? లేచి లోపలికి వెళ్ళి ఇంకో గిన్నె తెచ్చింది. "ఆ దాయీ, బాసీ ఖా లే" అంది, రా పెద్దమ్మా, తిను అని. మామ్మ నన్ను మొదట గోడ మీదుగా అందించి, తర్వాత చీర ఎగ్గట్టి తనూ దాటింది.

ఆ రోజు ఆవిడ తిన్న తీరు నాకు బాగా గుర్తుంది. మొదటి గుక్క గంజి తాగి కళ్ళు మూసుకుంది. తర్వాత ఆగలేదు. మౌసీ ఏమీ అడగకుండా రెండోసారి వేసింది. నా నోట్లోనూ ఒక ముద్ద పడింది. పుల్లగా, చల్లగా, ఉప్పగా ఉంది. నా ఇష్టం అక్కడే పుట్టింది. మా కులం ఏమిటి, మేము ఏ దేవుడికి మొక్కుతాం అని అడక్కుండా తన గిన్నె ముందుకు జరిపిన ఆ మనిషికి దణ్ణం పెట్టాలని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం మూతి తుడుచుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోయాను.

ఇక రోజూ అదే వరస. ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు, ఈవిడ తెలుగులో, ఆవిడ ఛత్తీస్‌గఢీలో. ఒకరి మాట ఒకరికి తెలియకపోవడం వల్ల వాళ్ళ మధ్య ఒక్క గొడవ కూడా రాలేదు. మామ్మ ముఖంలోకి నెత్తురొచ్చింది. అమ్మకు మాత్రం ఇది అంతుపట్టలేదు. తను పెట్టింది ముట్టడం లేదు, మనిషి తేరుకుంటోంది. అయినా మామ్మ ఊరి మాట మానలేదు. పక్కింట్లో ఎన్నాళ్ళని తింటుంది?

ఒక పొద్దున ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి మనిషి తక్కువైందని, సాయంత్రం రమ్మని చెప్పి అమ్మను వెనక్కి పంపేశారు. ఇంటికొస్తే తలుపుకు గొళ్ళెం. పెరట్లోకి వచ్చి చూస్తే, గోడకు అవతల, అరుగు మీద, అత్తగారూ కూతురూ ఒకే గిన్నెలో చేతులు పెట్టుకుని ఉన్నారు. అమ్మ తెల్ల యూనిఫాంలో అలాగే నిలబడిపోయింది. మౌసీకి నవ్వుతూనే నమస్తే చెప్పింది. ఇంట్లోకి వచ్చాక ఆ నవ్వు లేదు.

"పక్కింటావిడ పెడితే తింటారు. నేను పెడితే గొంతు దిగదు. అంతేనా అత్తా?"

మామ్మ నేల చూపులు చూసింది. "అలగ్గాదమ్మా. నువ్వు సదువుకున్న దానివి. నర్సమ్మవి. నీ ఇంట్లో కూకోని సద్దన్నం ఎట్టమని ఎలగడగను? నువ్వేటనుకుంటావో అని..."

"నేనేమనుకుంటాను? ఇన్నాళ్ళ నించీ బీపీలు చూస్తా, రక్తాలు తీయిస్తా పిచ్చిదాన్లా తిరుగుతుంటే ఒక్క మాట చెప్పాలి కదా! నా చిన్నప్పుడు మా అమ్మ రెండు పూటలా అదే పెట్టేది. వేరేది ఉంటే కదా పెట్టడానికి! హాస్టల్లో చేరాకే పొద్దున్నపూట వేడిగా తినడం ఎరుగుదును. నా ఇల్లంటూ ఒకటి ఉంటే అందులో ఎవరికీ సద్ది పెట్టనని అప్పుడే అనుకున్నాను. ఇక మీకు పెడతానా? అత్తకి సద్దన్నం పెట్టే కోడలని ఆదివారం చర్చిలో చెప్పుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

పెద్దల మాట చద్దిమూట అంటారు. మా ఇంట్లో పెద్దావిడ మాటా బయటికి రాలేదు, చద్దీ రాలేదు. కోడలికి నామోషీ అని అత్త అడగలేదు. అత్తకు అవమానమని కోడలు పెట్టలేదు. ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ ఇద్దరూ ఎండిపోయారు. మా వాళ్ళు తప్ప ఇంకెవరైనా ఇంత ప్రేమగా ఒకరినొకరు పస్తు పెట్టుకుంటారా అని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అమ్మ సాయంత్రం దాకా మాట్లాడకుండా పని చేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. కోడలి మనసు విరిగిపోయిందనుకుంది మామ్మ. తన రెండు చీరలూ, బైబిలూ సంచిలో సర్దుకుంది. మర్నాడు నాన్నకు సెలవు. పొద్దున్నే టికెట్టు తీయడానికి వెళ్తానన్నాడు.

తెల్లవారాక మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళిన మామ్మ ఎంతకీ రాకపోతే నేను వెళ్ళి చూశాను. పీట పక్కన, చల్లగా ఉండే మూల, స్టీలు గిన్నె ఒకటి ఉంది. మూతి మీద తెల్లటి పలచని గుడ్డ కట్టి ఉంది, ఆసుపత్రిలో కట్టు కట్టినంత పొందిగ్గా. మామ్మ ఆ ముడి విప్పింది. రాత్రి అన్నం, నీళ్ళలో తేరి ఉంది. అమ్మ వెళ్ళేముందు కాచి చల్లార్చిన నీళ్ళు పోసి ఉంచిందని నాన్న చెప్పాడు. ఎంతైనా నర్సు కదా, సద్దన్నానికి కూడా నీళ్ళు కాచింది. ఆ గిన్నెలోకి చూస్తున్న మామ్మ ముఖం నాకు కనబడింది. నా చిన్నతనం మొత్తంలో దేవుడికి దేనికి ముందు స్తోత్రం చెప్పాలంటే, నేను దానికే చెబుతాను.

మామ్మ తినలేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రాత్రంతా నిలబడి పనిచేసిన కాళ్ళతో అమ్మ వచ్చేదాకా అలాగే కూర్చుంది. అమ్మ బట్టలు మార్చుకుని వంటింటి గుమ్మంలోకి రాగానే, "ఇలగ్రా" అని పక్కన కూర్చోబెట్టుకుని, ఉప్పు వేసి పిసికి, మొదటి ముద్ద అమ్మ నోటి దగ్గర పెట్టింది. అమ్మ వద్దనబోయి నోరు తెరిచింది. నములుతూనే ఏడ్చింది. తర్వాత ఇద్దరూ కలిసి గిన్నె ఖాళీ చేశారు. అమ్మ అక్కడే, చల్లటి గచ్చు మీద, అత్తగారి పక్కన ఒరిగిపోయింది.

నాన్న చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. "అమ్మా, స్టేషన్‌కి వెళ్తున్నాను. టికెట్టు ఏ రోజుకి తియ్యమంటావు?"

"ఏటి టికెట్టు?" అని కసిరింది మామ్మ. "నానెలిపోతే ఈ గుంటకి పొద్దున్న సద్ది ఎవులు కలుపుతార్రా?"

మా వైపు గుంట అంటే చిన్నపిల్ల. నన్నే అంటోందనుకుని దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెయ్యి అమ్మ తల మీద ఉంది.

అమ్మ నిద్రపోలేదు. కళ్ళు మూసుకునే, "రేపు ఉల్లిపాయ కూడా, అత్తా" అంది.