తువ్వాలు మీద ఖాళీ చోటు

అపార్ట్‌మెంట్ల పిల్లలు ఆయన్ని ‘పైకా కిందకా’ అని పిలిచేవారు. లిఫ్టు బాగుచేశాక తలుపు దగ్గరే నిలబడి, ఎక్కిన ప్రతివాళ్లనీ “పైకా, కిందకా?” అని అడిగి, తనే మీట నొక్కి పంపితే గాని ఆయనకు తృప్తి ఉండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు లిఫ్టు మెకానిక్కు పనే చేశారు. యాభై మూడో ఏట మోకాళ్లు ఇక పైకి రామన్నాయి. లిఫ్టు ఆగితే మెకానిక్కు మెట్లెక్కాలి. ఈ అన్యాయం గురించి ఎవరూ వ్యాసాలు రాయరు.

కంపెనీలో ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టరు కూర్చుని రిపోర్టులు చూస్తాడు, తన రిపోర్టులు తాను రాస్తాడు. అన్నీ ఇంగ్లీషులోనే. రాతపరీక్ష నెల రోజుల్లో. అది పోతే మళ్లీ పద్నాలుగంతస్తుల మెట్లే గతి.

గురువు ఇంట్లోనే దొరికింది. కోడలు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. రోజూ పొద్దున ఆరింటికి కాఫీ గ్లాసు పక్కన నోటుబుక్కు పెట్టుకుని, హోంవర్కు చేయని పిల్లాడిలా మామగారు హాజరయ్యేవారు.

“మామయ్యా, ఇది నిన్న జరిగిన పని. ‘నట్ ఈజ్ లూజ్’ అని రాశారేంటి?”

“లూజుగానే ఉందమ్మా. నేను వెళ్లి చూసేసరికి ఉంది. ఉన్నదాన్ని ఉందనే కదా అంటాం?”

“ఇప్పుడు కూడా లూజుగానే ఉందా?”

“ఛ! నేను చెయ్యి పెట్టాక ఇంకా లూజుగా ఎలా ఉంటుంది?”

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించేది. “తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ముప్పై ఏళ్లుగా చెబుతున్నానమ్మాయ్. ఆయనకి భూతకాలమే కాదు, ఏ కాలమూ ఎక్కదు.”

కోడలు కాగితం మీద గీత గీసి బాణాలు వేసింది. ‘జరిగింది’, ‘అప్పుడు జరుగుతూ ఉంది’, ‘అంతకు ముందే జరిగిపోయింది’ అని మూడు గళ్లు గీసింది. రెండు వారాలు గడిచాయి. మామగారి ఇంగ్లీషులో అన్నీ ఇంకా ఇప్పుడే జరుగుతున్నాయి. వ్యాకరణ పుస్తకాలు రాసేవాళ్లు ఎన్నడూ ఒక యంత్రం విప్పి ఉండరు, అదీ చిక్కు.

ఆదివారం మిక్సీ ఆగిపోయింది. ఆయన పాత తువ్వాలు నేలమీద పరిచి, మిక్సీ విప్పుతూ ఒక్కో భాగాన్నీ ఎడమ నుంచి కుడికి వరసగా పెట్టారు. కోడలు నిలబడి చూసింది.

“ఎందుకు మామయ్యా ఇంత వరస?”

“ముందు తీసింది చివర బిగించాలి. వరస తప్పితే మిక్సీ బదులు ముక్కలు మిగులుతాయి.”

ఆమె అక్కడే చతికిలబడింది. “మిక్సీ ఆగింది. ఇది ఇక్కడ,” అని కుడి చివర వేలు పెట్టింది. “అంతకు ముందు ఏమైంది?”

“లోపల మోటారు బ్రష్షు అరిగిపోయింది.”

“అయితే దాని చోటు ఎడమవైపు. అదే ‘హ్యాడ్’.”

ఆయన తువ్వాలు మీద ఎడమ నుంచి కుడికి వేలు పోనిచ్చారు. “ఓస్, ఇంతేనా! ఈ మాట ముందే తువ్వాలు మీద చెప్పొచ్చుగా తల్లీ?”

ఆ రోజు నుంచి ప్రతి వాక్యానికీ కోడలు “అంతకు ముందు?” అనేది, ఆయన చెప్పేవారు. ఒక్కచోట ఆగారు. మూడేళ్ల కిందట ఒక లిఫ్టు నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల కూరగాయల సంచితో ఒక పెద్దావిడ, “నాయనా, నేను వంట చెయ్యాలా, ఇక్కడే కాపురం పెట్టాలా?” అని నలభై నిమిషాలు కేకలేసింది. తలుపు గడియ దగ్గర నట్టు ఊడి, లిఫ్టు ఆగింది.

“అంతకు ముందు?”

“ఎవరో నట్టు సరిగ్గా బిగించలేదు.”

“ఎవరో అంటే?”

“ఇవాళ్టికి పాఠం చాలమ్మా,” అని ఆయన లేచిపోయారు. ఆ లిఫ్టు సర్వీసు చేసింది ఆయనే. ఫోన్ మోగితే మాట్లాడి, బిగించడం మరిచిపోయారు. ఆనాటి రిపోర్టులో ‘నట్ ఈజ్ లూజ్’ అని రాసి ఊరుకున్నారు. నట్టు తనంతట తనే వదులైనట్టుంది ఆ వాక్యం.

పరీక్షలో ఒకటే ప్రశ్న: ‘మీరు బాగుచేసిన ఒక లిఫ్టు గురించి రిపోర్టు రాయండి.’ ఆయనకు పొల్లుపోకుండా గుర్తున్నది ఆ లిఫ్టే. పెద్దావిడ కేకలేస్తూ ఉంది. లిఫ్టు ఆగింది. నట్టు ఊడింది. అన్నీ మనసులోనే తువ్వాలు మీద వరసగా పెట్టుకుంటూ వెళితే ఎడమ చివర ఒక చోటు ఖాళీగా కనిపించింది. అది నింపితే ఉద్యోగం రాకపోవచ్చు. కానీ తువ్వాలు మీద ఒక్క భాగం తక్కువైతే ఆయన ఏ యంత్రాన్నీ ఎప్పుడూ బిగించలేదు. పది నిమిషాలు పెన్ను కొరికి, ‘ఐ హ్యాడ్ నాట్ టైటెండ్ ద నట్’ అని రాసి, పక్కన తేదీ కూడా వేశారు.

చీఫ్ ఇంజినీరు పిలిపించాడు. “ఇది రాయడానికి భయం వెయ్యలేదా?”

“వేసింది సార్. కానీ అక్కడ ఖాళీ ఉండిపోయింది.”

ఇంజినీరుకు ఏమీ అర్థం కాలేదు. “ఇరవై ఆరు రిపోర్టులు చదివాను,” అన్నాడు. “మిగతా వాటన్నిట్లో నట్లు వాటంతటవే ఊడిపోయాయి.”

వారం తర్వాత రెండు కవర్లు కలిసే వచ్చాయి. ఒకదాంట్లో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. రెండోదాంట్లో మూడేళ్ల కిందటి నిర్లక్ష్యానికి మెమో. అత్తగారు మొదటిది దేవుడి పటం ముందు పెట్టి, రెండోది మళ్లీ కవర్లో దోపబోయారు.

“ఆగవే,” అని ఆయన మెమో లాక్కుని కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివారు. “యూ హావ్ నాట్ టైటెండ్ ద నట్ బిఫోర్ ద లిఫ్ట్ స్టాప్డ్... అమ్మాయ్, ఇలా రా! ఇక్కడ హ్యాడ్ కదూ ఉండాలి?”

కోడలు చూసింది. తన ఎర్ర పెన్ను తీసి మామగారి చేతికిచ్చింది.