టీ గ్లాసులు పట్టుకున్న చేతులు

తొంభైల నాటి ధర్మవరంలో మా వీధి నిశ్శబ్దంగా ఉందంటే ఎవరైనా పోయుండాలి, లేదంటే మగ్గాల బంద్ అయినా జరుగుతుండాలి. మిగతా రోజుల్లో తెల్లారింది మొదలు ఇంటింటా మగ్గం చప్పుడే. నేనప్పుడు హిందూపురంలో డిగ్రీ చదువుతూ, రాజనీతి శాస్త్రం పాఠాలు విన్న పుణ్యాన, దేశాన్ని నడపడం నాకు తప్ప ఎవరికీ తెలీదని గట్టిగా నమ్ముతున్న వయసులో ఉన్నాను. (మీసం ఇంకా సరిగా రాలేదు. అభిప్రాయాలు మాత్రం దట్టంగా మొలిచాయి.)

మా పట్టుచీరల డిజైన్లను ఎవరో మరమగ్గాల మీద నేసి తక్కువ ధరకు అమ్ముతున్నారని ఆ ఏడు నేను సెలవులకు ఇంటికొచ్చేసరికి వీధంతా రగిలిపోతోంది. అధికారులు వచ్చి చూసేదాకా మగ్గాలు ఆపాలని మా నాయన ముందుండి మీటింగు పెట్టించాడు. నేను లేచి, నిరసన ప్రజాస్వామ్యానికి ఊపిరి అంటూ ఊపిరాడకుండా ప్రసంగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. చివర్లో నాయన, "బంద్ వద్దనేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండప్పా" అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరిదీ ఒకే మాట అని మురిసిపోయాం.

మరుసటి రోజు పొద్దున వీధంతా నిశ్శబ్దం, ఒక్క ఇంట్లో తప్ప. ఆ ఇల్లు మా అత్తది, అంటే నాయనకు సొంత అక్క. మామ పోయినప్పటి నుంచి షావుకారు ఇచ్చిన పట్టుతో, షావుకారు మగ్గం మీదే నేసుకుంటూ బతుకుతోంది. నాయనకు తల కొట్టేసినట్టయింది. నన్నూ, వీధిలోని కుర్రవాళ్ళనూ వెంటబెట్టుకుని పోయాడు.

"ఏమక్కా ఇది? వీధంతా ఆపింటే నువ్వొకతే నేస్తాండావే!"

అత్త మగ్గం గుంతలోంచి తలెత్తకుండానే చెప్పింది. "ఒకరింట్లో పెండ్లికి ఈ చీర ఇస్తానని మాటిచ్చినాన్రా. ఇంగ మూరెడు ఉండాది. అది అయిపోతానే వచ్చి మీతోనే కూర్చుంటా."

నాకు చదువు గుర్తొచ్చింది. "అది కాదత్తా, మెజారిటీ నిర్ణయమంటే అందరూ వినల్ల. నీకు ఇష్టం లేకుంటే నిన్న మీటింగులోనే చెయ్యెత్తింటే సరిపోతాండె గదా."

అత్త మగ్గం ఆపింది. "నేనూ ఆడ్నే ఉంటిని గదరా. టీ గ్లాసుల పళ్ళెం రెండు చేతులా పట్టుకోని నిలబడింటి. యా చెయ్యి ఎత్తల్లో నువ్వే చెప్పు."

(ఆ పళ్ళెంలోంచి రెండోసారి కూడా గ్లాసు అందుకున్నవాణ్ణి నేనే.) అత్త అక్కడితో ఊరుకోలేదు. "దారం చుట్టల్లంటే మేము, కండెలు పట్టల్లంటే మేము. మగ్గం ఆపల్లంటే మాత్రం మమ్మల్ని అడగరా?"

మా గుంపులో ఒకడుండేవాడు. ఇట్టే ఎగిరిపడతాడని తారాజువ్వ అనేవాళ్ళం. "ఈయమ్మను వదిలేస్తే రేపు అందరూ నేస్తారు. పడుగు కోసేస్తే సరిపాయె" అంటూ జేబులోంచి బ్లేడు తీశాడు. వెనక ఇద్దరు ముగ్గురు "కోసెయ్" అన్నారు కూడా. నిలువు దారాలు తెగితే చీర పోతుంది, పట్టు పోతుంది, షావుకారు వచ్చి మగ్గం విప్పుకుని పోతాడు. ఆ తర్వాత అత్తకు కూలి పనే గతి. అత్త పసిబిడ్డను పొదువుకున్నట్టు పడుగు మీదికి వంగిపోయింది.

అప్పుడు నాయన పోయి గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

"మాయక్క చేసేది నాకూ సమ్మతం గాదు. ఆయమ్మతో పోట్లాడతా, మాట్లాడేది మానుకుంటా. కానీ పడుగు మీద చెయ్యెయ్యల్లంటే నన్ను దాటుకోని పోండి."

"నువ్వే బంద్ పెట్టించి నువ్వే ఇట్లంటే ఎట్లన్నా?" అన్నాడు తారాజువ్వ.

"మనం అడుగుతాండేది ఏమప్పా? మన కూడు పోగొట్టద్దని గదా. మనమే ఇంగొకరి కూడు పోగొడితే, రేపు అధికారి ముందర యా మొగంతో నిలబడల్ల?"

తారాజువ్వ బ్లేడు జేబులో వేసుకుని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాయన మాత్రం కదల్లేదు. నాయకుడు కాబట్టి నినాదాలు మానలేదు, తమ్ముడు కాబట్టి గడప వదల్లేదు. బయట ఆయన "మగ్గాల బంద్" అనడం, నేను "వర్ధిల్లాలి" అనడం, లోపల అత్త మగ్గం టకటకా తాళం వెయ్యడం! దారిన పోయేవాళ్ళు మేం ఎవరి పక్షమో తెలీక నిలబడి చూశారు. సాయంత్రానికి మగ్గం మీంచి చీర దిగింది. అత్త బయటికొచ్చి తమ్ముడి పక్కన కూలబడి, "ఇంగ నేనూ బందే" అంది. నాయన నన్ను టీ తెమ్మన్నాడు.

అధికారులు వచ్చారు, చూశారు, పోయారు. మరమగ్గాలు ఆగలేదు. అయితే ఆ తర్వాత మా వీధి మీటింగుల్లో టీలు తాగడం పూర్తయి, ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నాకే చేతులెత్తమనేవారు.

ఇప్పుడు పెనుకొండలో పిల్లలకు ప్రజాస్వామ్యం పాఠం చెప్పేది నేనే. మొన్న మా స్టాఫ్ మీటింగులో ఏదో తీర్మానం వచ్చింది. టీ తెచ్చిన మా బడి ఆయమ్మ చేతుల్లోంచి పళ్ళెం అందుకుని, "నువ్వేమంటావమ్మా?" అని అడిగాను. ఆమె బెదిరిపోయి, "చక్కెర ఎక్కువాయెనా సార్?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే హెడ్మాస్టరు "వద్దనేవాళ్ళు చెయ్యెత్తండి" అనేశారు. ఆ తీర్మానం నాకు బొత్తిగా నచ్చలేదు. పళ్ళెమేమో నా రెండు చేతుల్లోనే ఉంది.

అత్త ఉండుంటే పడీ పడీ నవ్వేది. పళ్ళెం బల్ల మీద పెట్టి చెయ్యెత్తాను. "అయిపోయింది కదా మాస్టారూ" అన్నారు హెడ్మాస్టరు. అయినా దించలేదు.