పడవ మీద వేయని ఒట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద జరిగింది ఒక ట్రాన్సిస్టర్‌కి. మేం మిన్నీ బే ఒడ్డున ఉండేవాళ్ళం. మా అయ్య శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి ఈ దీవులకి వచ్చి, ఇక్కడ చేపల వేటకి దిగిన మనిషి. పడవ తోసేముందు గాలీ వానా కబురు అందులోనే వినేవాడు. సాయంత్రం అది మా నాయనమ్మ ఒళ్ళోకి చేరేది. పొద్దువాలాక విశాఖపట్నం నుంచి తెలుగు వినిపించేది, సగం గరగర, సగం మాట. ఆవిడ ఆ గరగరని కూడా వదలకుండా వినేది. మాకు బడిలో హిందీ, బజార్లో హిందీ, పేచీ పడితే అదీ హిందీలోనే. తను పుట్టిన వైపు మాట ఆవిడకి దొరికేది ఆ డబ్బాలోనే. దానికి ఎర్రగుడ్డతో తొడుగు కుట్టింది. నాకు పండక్కి కుట్టాల్సిన గౌను మాత్రం మరుసటేడు కుట్టింది.

మా అన్నయ్యా, పక్క వీధి కుర్రాడూ మా వాడ నుంచి కాలేజీకి వెళ్ళిన మొదటి ఇద్దరు. వాళ్ళకో స్నేహితుడుండేవాడు. ఓడలో వెళ్ళాల్సిన మరో దీవి ఊరు మాయాబందర్‌లో బడిపంతులుగా పనిచేస్తూ పోయిన ఒక తెలుగాయన కొడుకు. హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. అతన్ని మేం మాయాబందర్ అన్న అనేవాళ్ళం. ఆదివారం ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, నాయనమ్మ పెట్టిన చేపల పులుసు తిని, వద్దంటున్నా తన కంచం తనే కడిగి పెట్టేవాడు. తల్లి బట్టలు కుట్టి అతన్ని చదివిస్తోంది. తండ్రిలాగే పంతులు కావాలని ఆ తల్లీకొడుకుల ఆశ. ఆ సంగతి మా అందరికీ తెలుసు. తెలిసీ చేశాం చేసిందంతా.

ఒకరోజు అన్నయ్య క్రికెట్ వినడానికని ట్రాన్సిస్టర్‌ని ఎవరికీ చెప్పకుండా కాలేజీకి పట్టుకుపోయాడు. మధ్యాహ్నం సంచిని వరండాలో పెట్టి మైదానంలోకి ఆటకి దిగాడు. తిరిగొచ్చేసరికి సంచి ఉంది, అందులో ట్రాన్సిస్టర్ లేదు. ఆ వరండాలో కూర్చుని చదువుకుంటున్నది మాయాబందర్ అన్న. మధ్యలో ఒకసారి మంచినీళ్ళకి లేచానని, అంతకుమించి తనకేమీ తెలియదని చెప్పాడు. అన్నయ్య నమ్మాడు. అయ్య సగమే నమ్మాడు. ఆ సాయంత్రం నాయనమ్మ ఒట్టి చేతులతో గుమ్మంలో కూర్చుంది. ఆవిడని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మా వాడలో వల పోయినా, గేలం పోయినా పోలీసుల దాకా వెళ్ళే అలవాటు లేదు. ఎవరి వస్తువు పోతే వాళ్ళ పడవ ముక్కుకి పసుపు రాస్తారు. అనుమానం ఉన్నవాళ్ళు స్నానం చేసి వచ్చి, దాని మీద తడిచెయ్యి వేసి, నేను తీసుంటే ఈ పడవ ఒడ్డుకి రాకూడదు అని చెప్పాలి. సముద్రం మీద బతికేవాడెవడూ ఆ మాట అబద్ధంగా అనడని మా వాళ్ళ నమ్మకం. తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి, తప్పుతుందని ఎవరికీ తోచలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే, సంచిలో ట్రాన్సిస్టర్ ఉందని తెలిసిన ముగ్గురు స్నేహితులనీ ఒడ్డుకి పిలిచారు. ముందు అన్నయ్య ఒట్టు వేశాడు. తర్వాత పక్క వీధి కుర్రాడు వేశాడు. మాట తడబడలేదు. మాయాబందర్ అన్న మాత్రం పడవ దాకా వచ్చి ఆగిపోయాడు.

"నేను తియ్యలేదు బాబాయ్," అన్నాడు. "కానీ ఈ ఒట్టు వెయ్యను. రేపు ఈ డుంగీ మీద సముద్రంలోకి పోయేది మీరు. నన్ను నమ్మించుకోడానికి మీ ప్రాణం అడ్డం పెట్టలేను. నా తల మీద వెయ్యమనండి, వేస్తాను."

"అందరూ ఏసినారు. నీకొక్కడికే ఏటడ్డం?" అన్నాడు అయ్య.

అతను తల అడ్డంగా ఊపి వెనక్కి జరిగాడు. ఒట్టుకి జడిసినవాడే దొంగ అని వాడంతా తేల్చేసింది. నేనూ తేల్చేశాను. అక్కడితో ఊరుకున్నానా? మర్నాడు బడిలో మా రేడియో చోర్ దొరికాడని, ఫలానా హాస్టల్లో ఉంటాడని పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ పదిమందికీ కాలేజీలో అన్నలున్నారు. కొద్ది రోజుల్లోనే అతను నడుస్తుంటే వెనకనుంచి చోర్, చోర్ అని కేకలేయడం మొదలైంది. పరీక్షలింకా రాయకుండానే ట్రంకు పెట్టె పట్టుకుని మాయాబందర్ ఓడ ఎక్కేశాడని అన్నయ్య వచ్చి చెప్పాడు. చెప్పి ఆ పూట అన్నం తినలేదు.

రెండు నెలలు గడిచాక పక్క వీధి కుర్రాడి తల్లి కొంగులో ఏదో దాచుకుని మా ఇంటికి వచ్చింది. కొంగు తీస్తే ట్రాన్సిస్టర్. వాళ్ళింట్లో బియ్యం డబ్బా అడుగున దొరికిందట. కొడుకుని నిలదీస్తే ఒప్పుకున్నాడట. ఆవిడ ఏడుస్తూనే దాన్ని నాయనమ్మ చేతిలో పెట్టింది. ఆ రెండు నెలలూ అయ్య అదే పడవ మీద వేటకి వెళ్ళాడు, రోజూ క్షేమంగా తిరిగొచ్చాడు, చేపలూ బాగానే పడ్డాయి. అంత అబద్ధం మోసుకు తిరిగిన పడవకి ఏమీ కాలేదు. అయ్య ఒడ్డుకి పోయి దాని పక్కన తల వంచుకుని కూర్చున్నాడు.

నాయనమ్మ ఆ ట్రాన్సిస్టర్ మీట కూడా తిప్పలేదు. దాన్ని సంచిలో పెట్టి, ఇన్ని ఎండుచేపలు మూటకట్టి, నన్ను వెంటబెట్టుకుని ఓడ ఎక్కింది. అయ్య వస్తానంటే వద్దంది. నన్నే ఎందుకు తీసుకెళ్ళిందో అప్పుడు అర్థం కాలేదు. బడిలో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఆవిడకి ఎప్పుడో తెలిసిపోయిందట.

అతని ఇల్లు వెతుక్కునే పని లేకపోయింది. మాయాబందర్ జెట్టీ మీదే కనిపించాడు. మేం దిగిన ఓడలోంచే బస్తాలు దింపుతున్నాడు. మెడ మీద చర్మం కందిపోయి ఉంది. నాయనమ్మ నేరుగా అతని ముందుకు వెళ్ళి, అక్కడున్న కూలీలందరికీ వినపడేలా చెప్పింది.

"ఒట్టేసినోడే దొంగ నాయినా. మేం సముద్రాన్ని సాచ్చికానికి పిలిసినాం గానీ, నీ మొగం సూడనేదు. తప్పు మాదిరా."

చెప్పి అతని కాళ్ళ వైపు వంగబోయింది. అతను గాభరాగా ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. నాయనమ్మ నా వైపు చూసింది. మాఫ్ కరో భయ్యా అన్నాను. దొంగ అని చాటింది హిందీలో కాబట్టేమో, ఆ మాట కూడా హిందీలోనే వచ్చింది. చిన్నపిల్లవి, ఛోడో, అని నా తల నిమిరాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

మళ్ళీ వచ్చి చదువుకోమని, రెండు పూటలా మా ఇంట్లోనే తినమని నాయనమ్మ బతిమాలింది. ట్రాన్సిస్టర్ తీసి అతని చేతిలో పెట్టింది.

"కాలేజీలో పేరు కొట్టించేశాను మామ్మా," అన్నాడు. "అమ్మకి చూపు ఆనడం లేదు, కుట్టలేకపోతోంది. ఇంక అవదు. ఇది మీరు తీసుకుపొండి. సాయంత్రాలు ఏం వింటారు?"

అవతల మేస్త్రీ కేకేశాడు. అతను ట్రాన్సిస్టర్‌ని జాగ్రత్తగా నాయనమ్మ సంచిలో పెట్టి, బస్తాల దగ్గరికి వెళ్ళిపోయాడు. తిరుగు ఓడలో నాయనమ్మ ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు. అటు తర్వాత మా పడవ మీద ఒట్టు వేయమని అయ్య ఇంకెవరినీ అడగలేదు.

ఇప్పుడు నాకూ నాయనమ్మ వయసు వచ్చింది. ఎవరైనా నా ఎదుట నిలబడి నేను కాదు అంటే, వాళ్ళ ముఖం చూసి నమ్మేస్తాను. నీకు లోకం తెలియదని మా పిల్లలు విసుక్కుంటారు. నిజమే, చాలాసార్లు మోసపోయాను. పోయిన వస్తువులు ఒక్కోసారి దొరుకుతాయి. మాకు ఆ ట్రాన్సిస్టర్ దొరికింది. అతనికి చదువు దొరకలేదు.