కుక్కకు కట్టిన సైకిల్ ట్యూబు

కుక్కను పట్టుకుని నడవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. నా దగ్గర అవసరానికి మించి ఉండింది. అందుకే ఒక పొద్దున గద్వాల పొలిమేరలో గాలిలో ప్రయాణించి మిరపకాయల్లో దిగాను. విమానం ఎక్కకుండా ఎగిరినవాణ్ని మా వీధిలో నేనొక్కణ్నే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఒక పల్లీల వ్యాపారి దగ్గర గుమస్తాను. బడిని ఏడో తరగతిలోనే వదిలేశాను గానీ లెక్కలు నన్ను వదల్లేదు. పల్లీల కుప్పను చూసి ఎన్ని బస్తాలవుతాయో చెప్పేవాణ్ని. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ని.

మేం అద్దెకున్న ఇంటి యజమాని సరోజమ్మ. ఆమె ఒకరోజు పెట్టె సర్దుకుని, కుక్కను తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"నర్సింలూ, బిడ్డ కాన్పుకు రాయచూరు పోతున్న. రాజాను పొద్దున సాయంత్రం తిప్పాలె. వాడు నా పెద్దకొడుకు లెక్క. జర పైలం. వాడు తప్పిపోయిండనుకో, నువ్వు గూడ సామాన్లు సర్దుకోవాలె."

రాజా ముధోల్ జాతి వేటకుక్క. మనిషి ఎత్తు కాళ్లు, మడిచిన గొడుగంత నడుము. పక్కటెముకల్ని ఎక్కాల్లా వరుసగా చదువుకోవచ్చు. ఇంత బక్కప్రాణికి ఆమె ఇచ్చిపోయిన ఇనుప గొలుసు చూసి నాకు జాలేసింది. మొదటిరోజే నా అరచెయ్యి బొబ్బలెక్కింది, దాని మెడ మీద వెంట్రుకలు నలిగాయి. ఇద్దరికీ సుఖంగా, భద్రంగా ఉండే తాడు కావాలనుకున్నాను. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడట. నేను ఏనుగును కొనకుండానే అంకుశం మీద పరిశోధన మొదలుపెట్టాను.

ఊళ్లో కుక్కల సామాన్లు అమ్మే దుకాణం లేదు. ఎడ్లకు పలుపులు అమ్మే దుకాణముంది. అక్కడి జనపతాడు గుచ్చుకుంది, నైలాన్ తాడు కోసింది. చివరికి పంక్చర్లు వేసే ఖాజా భాయ్ దగ్గరికి పోయాను.

"కుక్క గుంజినా చేతికి తెల్వొద్దు భాయ్. గసొంటిది కావాలె."

"లారీ ట్యూబు కడితే కుక్కకే తెల్వదు. సైకిల్ ట్యూబు పెట్టు నర్సింలన్నా, జర నజాకత్ ఉంటది, మెత్తగ సాగుతది."

"తెగుతదా?"

"నా ట్యూబు పంక్చర్ అయితది గని తెగదు!"

నేను మాటలు నమ్మే మనిషిని కాను. రాజాను మా పల్లీల దుకాణంలో కాంటా మీద నిలబెట్టి తూచాను. ఇరవై రెండు కిలోలు. అంతకు రెండింతలుండే పల్లీల బస్తాను ట్యూబుకు కట్టి దూలానికి వేలాడదీశాను. బస్తా ఊగింది, ట్యూబు తెగలేదు. లెక్క తేలిపోయింది. బస్తాకు కాళ్లు ఉండవన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

ఇంటికి తెస్తే నా భార్య పద్మ ముక్కున వేలేసుకుంది.

"గొలుసు ఉండంగ గిదేందయ్యా? గల్లీల నవ్వుతరు."

"నీకు తెల్వదు. బరువుకు రెండింతల బలం పెట్టిన."

"ఎవరి బరువుకు?"

"కుక్క బరువుకు."

"మరి నీ బరువు తూచినవా?"

లెక్కలు రానివాళ్లే ఇలాంటి ప్రశ్నలు వేస్తారనుకున్నాను. పైగా చేతులు ఊపుకుంటూ నడిస్తే ఆరోగ్యమని ట్యూబు రెండో కొసను నడుముకు ముడేసుకున్నాను. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేమంటారు. తోక పట్టుకున్నవాడికి వదిలేసే వీలైనా ఉంటుంది.

మర్నాడు పొద్దున రాజాతో నడకకు బయల్దేరాను. ఊరి చివర ఒక అవ్వ రోడ్డు పక్కన మిరపకాయలు ఆరబోస్తోంది. పక్క చేనులోంచి కుందేలు దూకింది. రాజా మాయమైంది. నా నడుముకు మాత్రం గుంజినట్టే తెలియలేదు. ఆహా, ఇదే కదా సుఖమంటే అనుకున్నాను. ట్యూబు సాగింది, ఇంకా సాగింది, సన్నని దారమైంది. ఆ తర్వాత పిట్టల్ని కొట్టే గులేరులో నేనే రాయినని తెలిసింది.

"ఓ నాయినో, నా మిరపకాయలు!" అని అవ్వ కేక వేసేలోపు నేను వాటి నడుమ బోర్లా పడ్డాను. సాగిన రబ్బరు బాకీ ఉంచుకోదు. కుందేలు దాకా పోయిన రాజాను వెనక్కి గుంజి, తెచ్చి నా వీపు మీద పడేసింది. అక్కణ్నుంచి అది పక్కకు దొర్లి, కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది.

రాజా, రాజా అని కుదిపాను. చెవి కూడా కదపలేదు.

"చచ్చిందా ఏందయ్యా?" అంది అవ్వ.

"అట్లనకు అవ్వా! ఇది పోతే నా ఇల్లు పోతది!"

"కుక్క పోతే ఇల్లు పోవుడేంది? మిరపకాయలు తలకెక్కినయా నీకు?"

ఎక్కాయి. ముందు నేను తుమ్మాను. తర్వాత అవ్వ తుమ్మింది. అప్పుడు రాజా ఒక కన్ను తెరిచి, తలెత్తి, మా ఇద్దరికంటే గట్టిగా తుమ్మింది. ఆ తుమ్ముకు నేను చేతులెత్తి దండం పెట్టాను. ఇల్లు నిలబడింది!

ట్యూబు విప్పి పారేసి, రాజాను రెండు చేతులా ఎత్తుకుని ఇల్లు చేరాను. గుమ్మంలో సరోజమ్మ నిలబడి ఉంది. మనవడు పుట్టాడని మిఠాయి పంచడానికి చెప్పకుండా వచ్చింది. ఎర్రటి మొహంతో, కారే ముక్కుతో, కుక్కను చంకనేసుకుని నేను. రాజా చెంగున దిగి ఆమె చుట్టూ తోకాడిస్తూ తిరిగింది. ఆమె దాని మెడ, కాళ్లు తడిమి చూసింది. తర్వాత నన్ను చూసింది. జరిగింది చెప్పక తప్పలేదు. కిలోలతో సహా చెప్పాను.

అంతా విని ఆమె పద్మ వైపు తిరిగింది.

"ఇల్లు ఖాళీ చేసుడు వద్దు గని, ఇగ రాజాను నువ్వే తిప్పు బిడ్డా. కుక్క బంగారం. కట్టెయ్యాల్సింది ఈయననే."

మర్నాడు పద్మ చేతిలో కొత్త తాడు కనిపించింది. నాలుగు వేళ్ల వెడల్పు, మెత్తన, గుంజితే సాగదు, పట్టుకుంటే కొయ్యదు. రాజా పెళ్లికొడుకులా పక్కనే నడిచిపోతోంది. నేను ఊరంతా తిరిగినా దొరకని తాడు అది.

"ఎక్కడిదే గిది?"

"నీ మంచం నవారు."

ఆ రాత్రి చాప మీద వెల్లకిలా పడుకుని, దూలం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నిలబడ్డదాన్ని తూచి, ఉరికేదాని లెక్క చెప్పను. తప్పనిసరై చెప్పవలసివస్తే, ఆ లెక్కను నా నడుముకు మాత్రం కట్టుకోను.