అత్తను జూకు తీసుకుపోయిన పొద్దు

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం రాదు, అంతే. మా పల్లెలో బడి ఉండేది, నాకంటే చిన్నవాళ్లు మా ఇంటి ముందు నుంచే పలకలు పట్టుకుని పోయేవాళ్లు, కానీ నా చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేది, వాళ్లు చంక దిగి నడిచే వేళకు నాకు పెళ్లయిపోయింది. అరవై దాటాక, మధ్యాహ్నం పనులన్నీ తీరిన తర్వాత మా కోడలు నన్ను కూర్చోబెట్టి, మనవరాలు వాడి వదిలేసిన పలక మీద అక్షరాలు దిద్దించింది. ఇప్పటికీ ఒత్తుల దగ్గర చేయి తడబడుతుంది. నా ఈడు వాళ్లు చదువుతారులే అన్న ధైర్యంతో రాస్తున్నాను.

మొన్న మా మనవరాలు స్నేహితురాళ్లతో కలిసి తిరుపతి జూకు పోవాలనుకుంది. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేలోపల దాని ఫోనులోనే అంతా తేలిపోయింది, పొద్దున ఎన్నింటికి బయలుదేరాలో, ఏ దారిన పోవాలో, మధ్యాహ్నానికి ఎట్లా తిరిగి రావాలో. పక్కన నిలబడి చూస్తూ, ఇంతేనా అన్నాను. ఇంతే అవ్వా, ఇంకేముంటుంది అంది. అదే జూకు, అట్లాగే ఒక్క పూట పోయి రావడానికి, మేము ఒకప్పుడు పక్షం రోజులకు పైగా తల బద్దలు కొట్టుకున్నామని దానికి చెప్పలేదు. చెప్పినా, ఎందుకని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇక్కడ మొదలుపెడుతున్నాను.

అప్పట్లో మేము పాకాల దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లం. మా ఆయన పాకాలలో బియ్యం మిల్లుకు పనికి పోయేవాడు. తిరుపతిలో జూ కొత్తగా తెరిచిన రోజులవి, పోయి చూసి వచ్చిన వాళ్లు పులి ఇట్లా చూసింది అట్లా చూసింది అని చెబుతుంటే వీధి వీధంతా చుట్టూ చేరేది. ఆ ఏడే మా మామ కాలం చేశాడు. అంతవరకూ మా అత్త కోడి కూయకముందే లేచి ఆవుల కొట్టంలోకి పోయే మనిషి, ఆవులతో మాట్లాడినంత మనుషులతో కూడా మాట్లాడేది కాదు. మామ పోయాక మేపేవాళ్లు లేక ఆవులను అమ్మేశాము. కర్మలయిన తర్వాత అత్త వెనక గదిలో ధాన్యం బానల పక్కన చేరింది. ఆచారం ప్రకారం కొన్నాళ్లు అట్లా కూర్చోవలసిందే గానీ, ఆ కొన్నాళ్లు గడిచిపోయినా ఆమె లేవలేదు. పెట్టింది తినేది, లేకపోతే అడిగేది కాదు. అడిగినదానికి తల ఊపేది. మనిషి రోజురోజుకూ చిన్నదైపోతున్నట్టుండేది, ఇట్లాగే వదిలేస్తే ఈమె కూడా మామ వెనకే పోతుందని నాకు లోపల భయం పట్టుకుంది.

మా పెదనాన్న కొడుకొకడు, నాకు అన్న వరస, ఆ కొత్త జూలో జంతువులకు మేత పెట్టే పనిలో కుదిరాడు. ఒకరోజు పలకరించిపోదామని వచ్చి, గది గుమ్మంలో కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక తన పని గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏనుగులకు పొద్దున్నే సంగటి పెడతామత్తా. మన రాగిసంగటే."

చీకట్లోంచి అత్త గొంతు వినబడింది. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో, నేను చేతిలోని చేట కింద పెట్టేశాను.

"సంగటా? ముద్ద ఎంతలావు సేస్తారు నాయనా?"

"నా తలకాయంత."

"అంత సంగటి కెలికేది ఎవురు?"

"దానికి మనుషులుండారు. ఒగసారొచ్చి సూడత్తా, పక్కనుండి అన్నీ సూపిస్తా."

ఆ సాయంత్రం నేను సంగటి కెలుకుతుంటే అత్త గుమ్మం దాకా వచ్చి నిలబడి, తెడ్డు వైపు కాసేపు చూసి పోయింది. ఈమెను ఎట్లాగైనా ఆ జూకు తీసుకుపోవాలని నేను అప్పుడే అనుకున్నాను.

అనుకుంటే సరిపోతుందా? మా ఇంట్లో పెద్దత్త ఉండేది. ఆమె మా మామకు అక్క, కాపురానికి పోయిన కొత్తలోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి ఇక్కడే ముసలిదైపోయింది. ఏది మైల, ఏది కాదు, ఎవరు ఎప్పుడు గడప దాటవచ్చు, అన్నీ ఆమె నోటి మీదే నడిచేవి. నేను జూ మాట ఎత్తగానే లేచింది.

"ఏడాది తిరక్కుండా గడప దాటేది ఎవురింట్లో ఉండాదే? కొండకు పోగూడదు, గుడికి పోగూడదు, పెండ్లికి పోగూడదు."

"జూకు పోగూడదని ఎవురు సెప్పినారు పెద్దత్తా?"

పెద్దత్తకు తెలిసిన పెద్దలెవరి కాలంలోనూ జూ లేదు, లేనిదాని గురించి వాళ్లు ఏ కట్టడీ పెట్టిపోలేదు. మర్నాటికి ఆమె ఒక మాట వెతికి పట్టుకొచ్చింది. "ఏనుగుండాదంట, నెమలుండాదంట, సింహముండాదంట. దేవుళ్ల వాహనాలన్నీ ఆడనే ఉంటే అది గుడి గాక ఏందే?"

అన్నం తింటున్న మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు, "వాహనాలన్నీ ఆడ కట్టేసినారంటే సామి నడిసి పోతాండాడా అత్తా?"

పెద్దత్త చెంపలు వేసుకుంది గానీ, ముఖం అటు తిప్పుకుని నవ్వింది. చివరకు దిగివచ్చింది. పొద్దున పోయి మధ్యాహ్నానికి గడప లోపల ఉండాలి, కొండ వైపు తల ఎత్తి చూడకూడదు, ఎవరింటా మంచినీళ్లు కూడా తాగకూడదు. ఇవీ ఆమె షరతులు.

ఇక మిగిలింది అత్త. రానంది. జూ మీద ఇష్టం లేక కాదు, దారిలో ఎవరికైనా ఎదురు పడతానని. భర్త పోయిన ఆడది ఎదురొస్తే బయలుదేరిన పని చెడుతుందని మా వైపు గట్టి నమ్మకం, ఈ సంగతి నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు. బయలుదేరిన వాళ్లు వెనక్కి తిరిగి ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరేవాళ్లు. ఆ వెనక్కి తిరగడాన్ని చూసి భరించాలి కదా ఎదురైన మనిషి. "ఇంగొగరి పని నా మొగం సూసి సెడిపోవల్లనా?" అంది అత్త. ఆ ఒక్క ముక్కే అని గోడ వైపు తిరిగి పడుకుంది.

అందుకని, ఎవరికీ ఎదురు పడకుండా మా ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి చేరే దారి వెతకడమే నా పనయింది. రాసుకోవడం రాదు కనుక నేల మీద చింతగింజలు పరిచాను. ఒక గింజ ఒక ఇల్లు. ఈ ఇంటివాళ్లు చీకటితోనే పాలు పోయడానికి పోతారు, ఈ ఇంటాయన మొదటి బస్సుకు చిత్తూరు కోర్టుకు పోతాడు, ఇక్కడ కొత్త కోడలు పొద్దున్నే నీళ్లకు వస్తుంది. రోజూ చూసే వీధే అయినా, ఎవరు ఎప్పుడు గడప దాటుతారో నాకు సగం తెలియదని అప్పుడు తెలిసింది. గింజలు జరిపి జరిపి విసుగొచ్చి వదిలేశాను.

మరుసటి రోజు చూస్తే పెద్దత్త ఆ గింజల ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒక గింజ తీసి పక్కకు పెట్టింది. "ఈయప్ప పాలు పోసినాక తిన్నగా ఇంటికి రాడు, టీ అంగడికాడ కూసుంటాడు. ఆ సందులో అప్పుడు ఎవురూ ఉండరు." ఇంకో గింజ జరిపింది. "ఈ ఇంట్లోవాళ్లు అష్టమి నాడు యాడికీ బయిలెల్లరు. అష్టమి నాడు పోండి." అట్లా ఒక్కొక్క ఇల్లే చెబుతూ పోయింది, ఏ తలుపు కిర్రుమంటుంది, ఏ కుక్క ఎవరు లేస్తే మొరుగుతుంది, ఏ మలుపు దగ్గర ఆగి చెవి పెట్టాలి. ఎక్కడా తడుముకోలేదు. ఇవన్నీ ఎట్లా తెలుసు పెద్దత్తా అని అడగబోయి, గాజులు లేని ఆమె చేతి వైపు చూసి ఊరుకున్నాను. పద్దెనిమిదో పంతొమ్మిదో ఏట నుంచి ఆ మనిషి ఎవరికీ ఎదురు పడకుండా అదే వీధిలో బతికింది. నేను పక్షం రోజులుగా వెతుకుతున్న దారిలో ఆమె జన్మంతా నడిచింది. మాకు ఆచారాలు చెప్పి సతాయించే ముసలిదని అనుకునేదాన్ని, ఆ రోజు తర్వాత అట్లా అనుకోలేకపోయాను.

అష్టమి నాడు చీకటి విడవకముందే బయలుదేరాము. నేను అడక్కుండానే పెద్దత్త ముందు నడిచింది. మలుపు మలుపు దగ్గర గోడకు ఆనుకుని తొంగి చూసి, ఎవరూ లేరని చేయి ఊపేది, అప్పుడు నేనూ అత్తా కదిలేవాళ్లం. మేము బస్సు ఎక్కేదాకా చింత చెట్టు నీడలో నిలబడి ఉండి, తర్వాత ఒక్కతే వెనక్కి పోయింది.

జూ గేటు దగ్గర అన్న కాచుకుని ఉన్నాడు. ఎండ ఎక్కితే జంతువులన్నీ నీడకు పోయి పడుకుంటాయని, ముందు జింకలు, తర్వాత మేత వేళకు ఏనుగులు, చివర పులీ సింహమూ అని వరస పెట్టుకున్నాడు. ఏ జంతువు ఎక్కడి నుంచి వచ్చిందో, దేనికి కోపమెక్కువో చెబుతూ నడిచాడు. అత్త నా వీపు వెనకే, కొంగు ముఖం మీదికి లాక్కుని, నా కాళ్లు చూస్తూ వచ్చింది. శేషాచలం కొండ అంత ఎత్తున ఎదురుగా నిలబడి ఉంటే చూడకుండా ఉండడం ఎట్లాగో నాకు తెలియలేదు, ఆమె మాత్రం నిజంగానే తల ఎత్తలేదు. ఏనుగుల దగ్గర మాత్రం కొంగు కాస్త జరిగింది. మావటి సంగటి ముద్ద చేత్తో తీసి ఏనుగు నోట్లో పెడుతుంటే, ఆమె పెదవులు కదలడం చూశాను. మాటలు వినబడలేదు. ఒకప్పుడు ఆవులతో అట్లాగే మాట్లాడేది.

నేను నీళ్లు పట్టుకొస్తానని పక్కకు పోయినప్పుడు జరిగింది అసలు సంగతి. అన్నను ఎవరో పిలిస్తే అతనూ అటు పోయాడు. దారి మలుపులో అత్త ఒక్కతే నిలబడి ఉండగా, ఒక కొత్త జంట సరాసరి ఆమెకు ఎదురొచ్చింది. పెళ్లికొడుకు గుండు మీద గంధం ఇంకా తడిగా ఉంది, ఆ పిల్ల మెడలో పసుపు తాడు కొత్తది, కొండ దిగి నేరుగా వచ్చినట్టున్నారు. అత్త గబుక్కున చెట్టు వైపు తిరిగిపోయింది. నీళ్లతో తిరిగొస్తున్న నేను చెంబు పట్టుకుని అక్కడే ఆగిపోయాను.

"పెద్దమ్మా, ఏనుగులు యాడుండాయి?" అంది ఆ పిల్ల.

అత్త తిరగలేదు. ఆ పిల్ల చెట్టు చుట్టూ తిరిగి వచ్చి ముఖంలోకి చూసింది.

"నాకు ఎదురు రావద్దు తల్లీ. మొగుడు పోయినదాన్ని."

"అయ్యో," అంది ఆ పిల్ల, నిజంగానే బాధగా. ఆ వెంటనే, "మాకు పుత్తూరు బస్సుకు టైమైతాంది పెద్దమ్మా. యాడుండాయో సెప్పరాదా?"

అత్త ఒక క్షణం ఆ పిల్లను చూసింది. చేయి ఎత్తింది. ఏనుగులున్నది కొండ వైపే, చేయి చూపించాలంటే తలా ఎత్తాలి, ఎత్తింది. ఆ పిల్లకు అర్థం కాలేదో, తొందరో, అత్త చేయి పట్టుకుని "నువ్వే రా పెద్దమ్మా" అని లాగింది. అత్త వాళ్ల ముందు నడిచింది. నేను వెనక దూరంగా నడుస్తూ విన్నాను, అన్న చెప్పిందంతా పొల్లుపోకుండా వాళ్లకు చెబుతోంది, పొద్దున్నే సంగటి పెడతారంట, తలకాయంత ముద్దంట.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాము. పెద్దత్త వాకిట్లోనే ఉంది. మొదట అడిగింది అదే.

"ఎవురన్నా ఎదురొచ్చినారా?"

"వచ్చినారు," అంది అత్త.

"ఏమన్నారు?"

"దోవ అడిగినారు వదినా. సూపించినా."

పెద్దత్త కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం వడ్డించి, అత్త తింటుంటే పక్కన కూర్చుని, చివరకు మెల్లగా అడిగింది. "ఆ సంగటిలో ఉప్పేస్తారా?"

ఇప్పుడు నా మనవరాలికి ఈ ఎదురు పడడాల సంగతి తెలియదు, దాని స్నేహితురాలి తల్లి భర్త పోయిన నెలకే ఉద్యోగానికి పోతోంది, వీధిలో ఎవరూ వెనక్కి తిరగరు. ఈ మార్పు చూడడానికి బతికి ఉన్నందుకు సంతోషమే. కానీ ఇంట్లోంచి మనిషి ఒక్కపూట బయటకు పోవాలంటే మరో మనిషి చీకట్లో మలుపు మలుపుకూ ముందు నడిచి తొంగి చూసిన కాలం కూడా అదే, ఆ తోడూ దానితోపాటే పోయింది. అందులో ఏది పోవలసింది, ఏది ఉండవలసింది అని విడదీయడం నాకు చేతకాదు. పెద్దత్త ఏనుగును చూడకుండానే పోయింది. ఎన్నిసార్లు పిలిచినా, నాకెందుకులే అనేది.

జూకు పోయొచ్చిన మరునాడు పొద్దున, మా ఆయన మిల్లుకు బయలుదేరాడు. ఆయన గడప దాటేటప్పుడు మంచి శకునం కోసం నేను నీళ్లబిందె చంకన పెట్టుకుని వీధిలోంచి ఎదురు రావడం, నాకు పెళ్లయినప్పటి నుంచీ మా ఇంట్లో పద్ధతి. ఆ రోజు నేను బావి దగ్గర నీళ్లు చేది బిందె నింపి, అత్తను పిలిచి, ఆమె చంకన పెట్టాను. ఎందుకే అని ఆమె అడగలేదు. నేను పెరటి దారిన లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. వాకిట్లో సైకిలు స్టాండు తీసిన చప్పుడు, కాసేపటికి వీధి చివర బెల్లు చప్పుడు వినబడ్డాయి. లేచి చూడాలనిపించింది గానీ, ఎసట్లో పిండి పోసేశాను, తెడ్డు తీసుకుని సంగటి కెలకడం మొదలుపెట్టాను.