ఫోన్ మోగకపోతే

ఈ ఉదయం కిటికీలోంచి బెల్లం లారీల తీపి వాసన వస్తుండగా కంప్యూటర్ టింగుమంది. మెయిల్ పంపినవారి పేరు సత్యవతి మేడమ్. "పార్వతీ, అర్జంటు. ఇది తెరువు." మేడమ్ పోయి ఏడాది దాటింది.

అనకాపల్లిలో మా ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఒకప్పుడు ఆవిడే చూసేవారు. ఎస్. రాయవరం వైపు చెరకు రైతుల ఇంటి ఆడపడుచు. ఎంత పెద్ద డాక్టరు ముందైనా యాస మార్చేవారు కాదు. మాకు తర్ఫీదు ఇవ్వడానికి తనే దొంగ మెయిళ్లు రాసి మా మీదికి వదిలేవారు. జీతం ఆగిందనీ, పాస్‌వర్డ్ పోయిందనీ. మా గుండెలు దడదడలాడించడానికే ఈవిడకు జీతమిస్తున్నారని నేను విసుక్కునేదాన్ని. నమ్మి తెరిచినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ మోసపోయారో చూపించేవారు. అనుమానించి రిపోర్ట్ బటన్ నొక్కితే మాత్రం వెంటనే బల్ల మీది ఫోన్ మోగేది. "పట్టేసేవే పిల్లా!" అని అవతల నవ్వు. ఫోన్ మోగిందంటే అది పరీక్ష, మోగకపోతే నిజంగా దొంగే. "భయపెట్టే మెయిలు వత్తే ముందు సేతులు ఒళ్లో ఎట్టుకో. ఆ తరవాతే సదువు," అనేవారు.

అమ్మకు స్కాన్ తీయించి ఫలితం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఒక మెయిల్ వచ్చింది: "మీ స్కాన్ రిపోర్టులో తీవ్రమైన సమస్య. వెంటనే తెరవండి." చేతులు ఒళ్లో పెట్టుకున్నాకే అందులో ఎక్కడా అమ్మ పేరు లేదని కనిపించింది. తల్లి జబ్బుతో కూడా ఆటలా అని పళ్లు కొరుక్కుంటూ రిపోర్ట్ నొక్కాను. ఫోన్ మోగలేదు.

మేడమ్ కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చారు. "ఇది నాను అంపలేదే! ఎవులైనా తెరిసేరా?" పై అంతస్తులో ఆపరేషన్ జరుగుతోంది. రోగుల వివరాలన్నీ ఈ కంప్యూటర్లలోనే ఉన్నాయి. "తిట్టను. ఉజ్జోగం పోదు, నాది పూచీ. సెప్పండి," అన్నారు. ఆవిడ భయపడడం అదే మొదటిసారి చూశాను, నాకు మరింత భయం వేసింది. చివరికి బిల్లింగ్‌లో పనిచేసే రమణ లేచాడు. "నేనే మేడమ్. భయమేసి సెప్పలేదు." ఆవిడ ఒక్క అంగలో వెళ్లి అతని కంప్యూటర్‌ను మిగతావాటితో కలిపే తీగ పీకేశారు. "ఇప్పుడైనా సెప్పేవు బాబూ, బతికేం," అంటూ అతని కుర్చీలోనే కూలబడ్డారు. సాయంత్రం దాకా అన్నీ వెతికి చూశారు. నష్టం ఆ ఒక్క కంప్యూటర్‌తో ఆగింది.

ఈ ఉదయం ఆవిడ పేరు అబద్ధమని తెలుసు. అయినా తెరిస్తే లోపల ఆవిడ మాట ఒక్కటైనా ఉంటుందేమోనని చెయ్యి మౌస్ మీదికి పోయింది. దొంగ కంటే నా చెయ్యే నన్ను ఎక్కువ భయపెట్టింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. రిపోర్ట్ నొక్కి, లేచి గదిలో అందరికీ వినబడేలా చెప్పాను: "మేడమ్ పేరుతో మెయిల్ తిరుగుతోంది. తెరవకండి. తెరిచినవాళ్లుంటే చెప్పండి, ఎవరూ తిట్టరు."

ఆ తర్వాత ఫోన్ వైపు చూశాను. మోగదని తెలిసే చూశాను.