తుపాకికి కొబ్బరి నూనె

ఈ పొద్దున తలకి రాసుకుందామని వంటగది అలమర తీస్తే, దాన్ని ఈ ఊళ్ళో ప్రెస్సు అంటారు, కొబ్బరి నూనె సీసాలో తెల్లగా రాయిలా బిగిసిపోయి ఉంది. వేడినీళ్ళ గిన్నెలో సీసాని నిలబెట్టి కూర్చున్నాను. అది కరిగేలోపు ఒక సంగతి చెప్పాలి. నాకు చదువు సంతకం వరకే, అదీ పక్కన ఎవరైనా నిలబడితే. నేను చెబుతుంటే కూతురు రాస్తోంది. నా మాటలు బాగుచేయనని ముందే దాని చేత ఒట్టు వేయించుకున్నాను.

కరోనా వచ్చిన మొదటి వసంతం అది. కూతుర్ని నాలుగు రోజులు చూసి పోదామని పరాయి దేశంలో ఈ కిల్కెన్నీ ఊరికి వచ్చినదాన్ని, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కాను. అల్లుడు ఉద్యోగానికని దూరాన గాల్వే ఊరికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. కూతురు నర్సు. రోజూ కరోనా వార్డుకి వెళ్ళి వస్తోంది కాబట్టి నాకు అంటుతుందని మేడ మీద వేరుగా ఉండేది. నేను అన్నం మెట్ల మీద పెడితే, తినేసి కిటికీలోంచి వంకలు పెట్టేది. మాది ఊరి చివర ఇల్లు. పెరటి గోడ అవతల ఒక ముసలాయన గొర్రెల పచ్చిక. ఆయనకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ఆయన గోడకి అవతల, నేను ఇవతల, మధ్యలో మేడ మీద నుంచి కూతురు మాట అందించేది. ఆయన నన్ను చూసినప్పుడల్లా గ్రాండ్ అనేవాడు. ఈ దేశంలో బాగున్నా గ్రాండే, బాగోకపోయినా గ్రాండే. ఏదో ముఖం చూసి మనమే పోల్చుకోవాలి.

ఒకరోజు ఆయన చేత్తో ఒక ఇనప ముక్క పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు. నక్కని బెదిరించే రైఫిలుకి, తలుపు గడియలాగా ముందుకీ వెనక్కీ జరిగే ముక్క అది, బోల్టు అంటారు. తుపాకి ఇంట్లో తాళంలోనే ఉంది.

"అమ్మా, ఇది కదలడం లేదంట. తుపాకి నూనె అయిపోయిందంట, ఆ కొట్టు మూసేశారు. ట్రాక్టరు నూనె పోస్తే జిగురు పట్టిందంట. నాన్న గన్‌మేన్ అని నేనే ఒకసారి చెప్పాలే, ఆయనేం వాడేవాడని అడుగుతున్నాడు" అంది కూతురు కిటికీలోంచి.

"కొబ్బరి నూనె అని చెప్పు."

"వంటకి కాదమ్మా, తుపాకికి."

"నాకు తెలుసులేవే. నీ జడలకి కొన్న నూనె సగం దానికే పోశాడు మీ నాన్న. చెప్పు."

నిజమే మరి. మా ఆయన మిలిటరీలో చేసి వచ్చి, ఒంగోలులో ఒక బ్యాంకు ముందు సొంత తుపాకి పట్టుకుని నిలబడేవాడు. రెండు గొట్టాల తుపాకి. ఆదివారం చర్చి నుంచి రాగానే మంచం మీద నా పాత చీర పరిచి, దాన్ని పడుకోబెట్టి, పసిపిల్లకి ఒళ్ళు రుద్దినట్టు నూనె పెట్టేవాడు. దానికని వేరే నూనె కొనమంటే చెవిన పెట్టేవాడు కాదు, నా సీసా ఎత్తుకుపోయేవాడు. నేను దాన్ని సవతి అని పిలిచేదాన్ని. "నీ జుట్టు తుప్పు పట్టదు గదే" అనేవాడు. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ బ్యాంకు మీదికి దొంగ అన్నవాడు రాలేదు, ఆ తుపాకి ఒక్కసారి పేలలేదు. మనిషి పోయాక దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించేటప్పుడు కూడా నా తల వాసనే వేసింది.

అంత చౌకలో పని అయిపోతుందని ముసలాయన సంబరపడ్డాడు. పాత జిగురు కిరసనాయిలుతో కడిగి, నేనిచ్చిన నూనె దండిగా పట్టించాడు. మర్నాడు గడ్డి మీద మంచు పేరుకుంది. ఆ పొద్దున ఆయన గోడ దగ్గరికి వచ్చి గ్రాండ్ అన్నాడు గానీ ముఖం వేలాడిపోయింది. తెల్లవారుతుండగా నక్క వచ్చిందంట. బోల్టు మీద కొబ్బరి నూనె నెయ్యిలా పేరుకుని, తోస్తే జరగలేదంట. ఆయన కళ్ళ ముందే గొర్రెపిల్లని నోట కరుచుకుని పోయింది. ఒంగోలు ఎండలో నూనె గడ్డకట్టడం నేనెక్కడ చూశాను.

ఆయన ఇంకేదో మెల్లిగా చెప్పాడు. కూతురు కూడా గొంతు తగ్గించింది. "వాళ్ళావిడ సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రె ఒకటుందంట అమ్మా. ఆవిడ పోయి ఏడాది. దానికి మొన్న కవల పిల్లలు పుట్టాయి. నక్క వాటిని కూడా ఎత్తుకుపోతే మంద మొత్తం అమ్మేస్తానంటున్నాడు."

ఇంక నాకు అన్నం సయించలేదు. ఆ సాయంత్రం పచ్చడి సీసాల మూతలు గోడ మీద వరసగా పెట్టాను. ఒకదాంట్లో నువ్వుల నూనె, ఒకదాంట్లో ఆముదం, ఒకదాంట్లో కుట్టు మిషను నూనె. కూతురి వార్డుకి పాత చీరలతో మాస్కులు కుడుతున్నాను, అందుకని ఆ చిన్న బుడ్డి దగ్గరుంది. చలికి ఏది గడ్డకట్టదో ఆ చలే చెబుతుందని నా ఆలోచన. తెల్లారి చూస్తే ఆముదం మూత నాకినట్టు ఖాళీగా ఉంది. నాకినట్టేమిటి, నాకిందే. గొర్రెల్ని కాసే ఆయన కుక్క గోడకి కాళ్ళు వేసి పని కానిచ్చింది. ఆ పూటంతా అది పచ్చికలో ఆ మూల నుంచి ఈ మూలకి, ఈ మూల నుంచి ఆ మూలకి, కూర్చోవడమే గానీ కాపలా కాసింది లేదు.

"తుపాకి అయిపోయింది, కుక్క అయిపోయింది. ఇంకేం మిగిల్చావమ్మా ఆయనకి?" అంది కూతురు.

"గొర్రెలున్నాయిగా."

"వాటి జోలికి మాత్రం పోకు, నీకు దండం పెడతా."

మిగిలిన రెండు మూతలూ వంచి చూశాను. నువ్వుల నూనె బరువుగా, అయిష్టంగా జారింది. మిషను నూనె మాత్రం నీళ్ళలా పారింది. బుడ్డిని పొడుగాటి చీపురు చివర కట్టి గోడ దాటించాను, దగ్గరికి పోకూడదు కదా. "పాత నూనె అంతా తుడిచి రెండు చుక్కలు వేస్తే చాలని చెప్పు. తలంటినట్టు పొయ్యొద్దను" అన్నాను. కూతురు ఏం చెప్పిందో, ఆయన నవ్వాడు. ఆ కుక్క నన్ను చూసి ఇంటి వెనక్కి పోయింది.

మర్నాడు వెలుతురు వస్తుండగా నేను టీ పెడుతుంటే ఢామ్మని పేలింది. చేతిలో గ్లాసు జారిపోయింది. పెళ్ళయినప్పటి నుంచీ తుపాకితో కాపురం చేసినదాన్ని, అది పేలితే ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను. పెరట్లోకి పరుగెత్తితే ముసలాయన గోడ అవతల బొటనవేలు పైకెత్తి నిలబడ్డాడు. గురి తప్పిందంట. అయితే నక్క ఆ వైపుకి మళ్ళీ రాలేదు. కవల పిల్లలు తల్లి కింద దూరి తోకలు ఆడిస్తూ పాలు తాగుతున్నాయి.

"గ్రాండ్" అన్నాను నేను. ఈసారి ఆయన ముఖం కూడా అదే చెప్పింది.

ఆయన మంద అమ్మలేదు. నా కొబ్బరి నూనె తిరిగి ఇవ్వనూ లేదు. ఉన్న నాలుగు వెంట్రుకలకి రాస్తున్నాడేమోనని నా అనుమానం.

ఇదిగో, సీసాలో నూనె కరిగింది. ఒంగోలులో ఆ రోజుల్లో నెల తిరక్కుండానే సీసా ఖాళీ అవుతోందని తుపాకినీ దాని మొగుణ్ణీ కలిపి తిట్టేదాన్ని. ఇప్పుడు నూనె అంతా నా ఒక్కదానిదే. ఇది పోయిన చలికాలం కొన్న సీసా, ఇంకా సగం కూడా అవ్వలేదు.